ఎల్‌కేజీ మొదటి నెల: పెన్సిల్ ఎప్పుడు పట్టించాలి?

ప్రశ్న (కొత్త టీచర్):
ఈ జూన్‌లో నాకు ఎల్‌కేజీ ఇచ్చారు. 28 మంది పిల్లలు, ఆయా ఒక్కరే. పొద్దున్నే ఏడుపులు. జులై నెలాఖరుకు నోట్‌బుక్‌లో అ నుంచి అః దాకా రాయించాలని మేనేజ్‌మెంట్ అంటోంది. పిల్లలేమో పెన్సిల్‌ను గుప్పిట్లో పట్టి, నొక్కి కాగితం చింపేస్తున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు 1:
ముందు ఏడుపు తగ్గాలి మేడమ్. తల్లులు పిల్లల కళ్లుగప్పి వెళ్లిపోకూడదు, అలా వెళ్తే మర్నాడు కొంగు వదలరు. టాటా చెప్పి వెళ్లాలి, మళ్లీ వెనక్కి రాకూడదు. ‘రెండింటికి వస్తుంది’ అంటే వాళ్లకు అర్థం కాదు. ‘అన్నం తిని, కథ విన్నాక అమ్మ వస్తుంది’ అనండి, రోజూ అదే వరస నడపండి. సోమవారం ఏడుపు మళ్లీ మొదలవుతుంది, కంగారు పడకండి.

చాలామంది ఏడుపుకు అసలు కారణం బాత్రూమ్. అడగాలంటే భయం, నిక్కరు హుక్కు విప్పుకోవడం రాదు. మొదటిరోజే తీసుకెళ్లి తలుపు తీయించండి, మగ్గు చూపించండి. గంటన్నరకోసారి ఆయాతో పంపండి. ఎలాస్టిక్ నిక్కర్లే వేయమని డైరీలో రాయండి.

జవాబు 2:
గుప్పిట్లో పడుతున్నారంటే వేళ్లకు ఇంకా బలం రాలేదు. ఇప్పుడే నోట్‌బుక్ ఇస్తే ఆ పట్టే అలవాటవుతుంది, యూకేజీలో మాన్పించడం కష్టం. మూడు వారాలు పిండిముద్దతో ఆడించండి. రెండు కప్పుల గోధుమపిండికి కప్పు ఉప్పు, ముప్పావు కప్పు నీళ్లతో మొదలుపెట్టి చేతికి అంటకుండా కలపాలి. వానాకాలంలో ఉప్పు తేమ పీల్చి జిగటవుతుంది, కాస్త పొడిపిండి చల్లండి. వేలికి గాయమున్నవాళ్లకు ఇవ్వొద్దు, మండుతుంది.

క్రేయాన్లు 3 సెంటీమీటర్ల ముక్కలుగా విరిచి ఇవ్వండి. అంత చిన్న ముక్క గుప్పిట్లో ఇమడదు, మూడు వేళ్లతో పట్టాల్సిందే. ఆ తర్వాత పలక, పొట్టి బలపం: నిలువు గీత, అడ్డ గీత, సున్న, తలకట్టు. బలపం తినే పిల్లలుంటారు, లెక్కపెట్టి ఇచ్చి లెక్కపెట్టి తీసుకోండి. అక్షరాలు మాత్రం ఈ నెల వద్దే వద్దు.

జవాబు 3:
చేతిపని గురించి పైన చెప్పింది అక్షరాలా నిజం. అక్షరాలే వద్దనడం మాత్రం ఒప్పుకోను. రాయించొద్దు గానీ, చూపించొచ్చు. ముందు చెవికి పని: ‘పలక’ అంటూ ప-ల-క మూడు చప్పట్లు. తెలుగులో చప్పట్టుకో అక్షరం కాబట్టి ఈ ఆట తిన్నగా చదువులోకి దారితీస్తుంది. అ, ఆ, ఇ, ఈ వరసలో వెళ్తే చదవడానికి పదాలు దొరకవు. ల, త, క, ప నాలుగూ వస్తే తల, కల, పలక, కలప చదివేస్తారు.

ప, వ, మ ఒకే వారం చూపిస్తే కలగాపులగమవుతుంది. తర్వాత రాత మొదలుపెట్టినప్పుడు మాత్రం ఇదే తిరగబడుతుంది. వ తిరిగిన చేతికి ప, మ సులువు, అందుకని పక్కపక్కనే రాయించాలి. మొదలుపెట్టే చోట ఎర్ర చాక్‌పీస్‌తో చుక్క పెట్టండి. పూర్తయిన అక్షరంలో తప్పు కనపడదు, రాస్తున్నప్పుడే చేయి చూడాలి. ఒకసారికి ఐదారుగురినే కూర్చోబెట్టుకోండి, మిగతావాళ్లు పిండిముద్దతో ఉంటారు.

ప్రశ్న అడిగినవారు:
మరి నోట్‌బుక్ ఏదని అడిగితే?

జవాబు 2:
ప్రతి శుక్రవారం ఒక తెల్లకాగితంపై గీతలు గీయించి, తేదీ వేసి, ఒక్కొక్కరికి ఒక ఫైల్ పెట్టండి. మొదటి వారం కాగితం, నాలుగో వారం కాగితం పక్కపక్కన పెడితే పట్టులో తేడా తల్లిదండ్రులకే కనిపిస్తుంది. 2020 జాతీయ విద్యావిధానం కూడా 3 నుంచి 8 ఏళ్ల పిల్లలకు ఆటలతోనే చదువు అంటోంది. ప్రిన్సిపాల్ గారితో మాట్లాడేటప్పుడు ఫైళ్లతో పాటు ఆ మాటా ముందు పెట్టండి.