ఓల్డెన్ ఎరాలో ఒక్క హీరో మోడ్: ఆటకు మేలా, చేటా?

బ్రాడీపేట నాలుగో లైన్:
హీరోస్ ఆఫ్ మైట్ అండ్ మ్యాజిక్ అని వంతులవారీగా ఆడే కంప్యూటర్ యుద్ధాల ఆట ఉంది కదా, దాని కొత్త భాగం ఓల్డెన్ ఎరా. 2025 అక్టోబరులో స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో డెమో ఇచ్చారు, ఆడి చూశాను. సైన్యాన్ని నడిపే హీరోలు చాలామంది ఉండే పాత పద్ధతి క్లాసిక్‌తోపాటు ఒకే హీరోతో ఆడే మోడ్ ఒకటి పెట్టారు. నాకు మింగుడుపడనిది అదే. 1999 నాటి మూడో భాగంలో మ్యాపు మీద ఎనిమిది మంది హీరోల దాకా తిప్పుకోవచ్చు. వారం మొదటి రోజు కోటలో కొత్త సైన్యం దొరకగానే ఒక చిన్న హీరో దాన్ని తీసుకుని బయల్దేరతాడు, వాడి నడక అయిపోయిన చోట ఇంకొకడు అందుకుంటాడు. బందరు రోడ్డు మీద షేర్ ఆటోలు మారినట్టు మారి, అదే రోజు సరిహద్దులో ఉన్న పెద్ద హీరో చేతికి చేరుతుంది. ఎవరిని ఎక్కడ నిలబెట్టాలో ముందే లెక్కేసుకోవాలి. హీరో ఒక్కడే అయితే ఇక లెక్కేముంది?

పటమట కుర్రాడు:
అన్నా, ఆ సరదా అంతా నీదే. పక్కన కూర్చున్నవాడి సంగతేంటి? హాట్‌సీట్‌లో, అంటే ఒకే కంప్యూటర్ ముందు వంతులేసుకుని ఆడేటప్పుడు, నీ ఎనిమిది మందినీ నువ్వు తిప్పేలోపు నేను కిందికెళ్లి పెసరట్టు తినొచ్చినా నీ టర్న్ అయ్యేది కాదు. సగం ఆటలు తేలనే లేదు, తెల్లారిందని లేచిపోయాం. నువ్వు చెప్పేది ఎత్తుగడ కాదు, మోత. ఏడుగురు కూలీలు, ఒక్క హీరో! ఆ కూలీలు లేకపోతే భోజనాలయ్యాక మొదలెట్టి పడుకునేలోపు ఆట తేల్చుకోవచ్చు. ఉద్యోగాలు చేసుకునేవాళ్లం, ఇంకెలా ఆడతాం?

అరండల్‌పేట:
క్లాసిక్ తీసేయలేదు కదండీ, ఎవరికి కావలసింది వాళ్లు ఆడుకుంటారు. అసలు మార్పు ఇంకోచోట ఉంది. మూడో భాగంలో కోటలో దొరికే ప్రతి సైనిక ప్రాణికీ అప్‌గ్రేడ్, అంటే బలమైన రూపం, ఒకటే, డబ్బుంటే కళ్లు మూసుకుని చేయడమే. ఇందులో రెండు దారులు ఇచ్చారు, ఏదో ఒకటి ఎంచుకోవాలి. పైగా ఒక్కో వర్గానికి దాని చట్టాలు, అవి ఏ వరుసలో తెచ్చుకోవాలన్నదీ మన మీదే. అంటే బుర్ర పెట్టాల్సిన పని దారుల మీద నుంచి కోటలోకి వచ్చింది. నా భయం వేరు. ఒక్క హీరో సైన్యమంతా వెంటేసుకుని తిరిగే మోడ్‌లో సరిపోయిన బలాలు క్లాసిక్‌లోనూ సరిపోతాయా? రెండు పడవల మీద కాళ్లు పెడితే బ్యాలెన్స్ ఎక్కడ కుదురుతుంది?

బ్రాడీపేట నాలుగో లైన్:
నేననేదీ అదేనండీ. ఆన్‌లైన్‌లో జనం పొట్టి ఆటకే ఎగబడతారు, మార్పులన్నీ దాన్ని చూసే చేస్తారు. క్లాసిక్ పేరుకు ఉంటుంది, పట్టించుకునే నాథుడు ఉండడు. ఏడో భాగం వచ్చింది 2015లో. ఇన్నేళ్లు ఎదురుచూసింది దీనికా? తమ్ముడూ, మోత అన్నావు చూడు, ఆ మోసేవాడు ఒక్క అడుగు ముందు ఆగితే పెద్ద హీరో ఉత్త చేతులతో నిలబడతాడు. నువ్వు ఓడిన ఆటలన్నీ అక్కడ ఓడినవే.

పటమట కుర్రాడు:
ఓడింది నిద్రాపుకోలేక అన్నా. ఆట కొంటాను, ఒక్క హీరోతో రా. చచ్చి లేచినవాళ్ల వర్గం నెక్రోపొలిస్ మాత్రం నాదే.