జిమ్ నేబర్స్ 1969లో గోమర్ పాత్రను వదిలేయడం సరైన నిర్ణయమేనా?

పాతతెర:
అమాయకపు సైనికుడు గోమర్ చుట్టూ తిరిగే సిట్‌కామ్ (హాస్య ధారావాహిక) 'గోమర్ పైల్' 1964 సెప్టెంబరులో అమెరికా టీవీ చానల్ సీబీఎస్‌లో మొదలై 1969లో ముగిసింది. ఐదు సీజన్లు, 150 ఎపిసోడ్లు. రేటింగ్స్‌లో ఒక్క ఏడాది కూడా మొదటి పది స్థానాల కిందికి దిగలేదు, ఆఖరి సీజన్‌లో అమెరికా మొత్తంలో రెండో స్థానం. దాన్ని చానల్ ఆపలేదు. పాటలు, స్కెచ్‌లు (చిన్న హాస్య నాటికలు) ఉండే వెరైటీ షో చేయాలని హీరో జిమ్ నేబర్సే ఆపుకున్నాడు. ఆ కొత్త షో 'జిమ్ నేబర్స్ అవర్' 1971లోనే మూతపడింది. నా మటుకు ఇది పప్పులో కాలేయడమే. ఇంకో రెండేళ్లు గోమర్‌గానే ఉండాల్సింది.

మంద్రస్థాయి:
అసలు ఒప్పుకోనండీ. ఆయన నటన మానేసి పాటకు పోయాడన్నట్టు రాశారు. శాంటా మోనికాలోని 'ది హార్న్' క్లబ్బులో ఆయన చేసిన ప్రదర్శనే ఆ రెండిటి మీద నడిచింది. మాట్లాడితే పల్లెటూరి అమాయకుడి సన్నగొంతు, పాట ఎత్తుకుంటే నిండైన బారిటోన్ (మగవాళ్ల మధ్యస్థాయి లోతు గొంతు). నవ్వు పుట్టేది ఆ తేడాలోంచే. టీవీ హాస్యనటుడు ఆండీ గ్రిఫిత్ చూసి మెచ్చింది దాన్నే. 1962 డిసెంబరులో తన షోలో పెట్రోలు బంకు కుర్రాడు గోమర్ వేషం ఇచ్చాడు, అదీ ఒక్క ఎపిసోడ్‌కని. తర్వాత ఆ పాత్రతోనే వచ్చిన 'గోమర్ పైల్' సిట్‌కామ్ సన్నగొంతును వారం వారం వాడుకుంది, రెండో గొంతును పండగపూట మాత్రమే బయటికి తీసింది. 1967లో వాషింగ్టన్‌లో మెరైన్ (అమెరికా నౌకాసైనిక దళం) బ్యాండ్‌తో గోమర్ పాడే ఎపిసోడ్ ఇప్పటికీ జనం వెతుక్కుని చూస్తారంటే, ఆకలి ఎక్కడుందో తెలుస్తోంది కదా.

గాత్రసాధన:
గొంతు సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. సగం వాదన అక్కడే తేలుతుంది.

గోమర్ గొంతు రావాలంటే స్వరపేటిక పైకి లేవాలి, నాలుక వెనకభాగం ఎత్తుగా ఉండాలి, శబ్దం ముక్కులోంచి మోగాలి. బారిటోన్ పాటకు అన్నీ తలకిందులు: స్వరపేటిక దిగాలి, అంగిలి వెనకభాగం లేచి గొంతు వెనక చోటు విచ్చుకోవాలి, ఊపిరి పొట్ట దగ్గర్నుంచి నిలకడగా రావాలి. సన్నగొంతుతో పది నిమిషాలు అరిచి వెంటనే పాట ఎత్తుకుంటే గొంతు పైనే బిగుసుకుపోతుంది. దెబ్బ ముందు కనపడేది పియానో నడిమి స్వరం మిడిల్ సి పైన ఉండే ఇ, ఎఫ్ స్వరాల దగ్గర. బారిటోన్ గొంతు మలుపు తిరిగే చోటు అదే, అక్కడ స్వరం పిండినట్టు వస్తుంది. కిందికి దిగుతూ మెల్లగా హమ్మింగ్ చేసి, స్వరపేటిక దిగిందని తెలిశాకే పాడాలి.

ఫిల్మ్ మీద తీసే సిట్‌కామ్‌లో ఈ బాధ తక్కువ. పాట ముందే రికార్డు చేసుకుని సెట్లో పెదవులు కలిపితే సరిపోతుంది. ప్రేక్షకుల ముందు తీసే వెరైటీ షోలో స్కెచ్ అయిన కొద్దిసేపటికే పాట. ఆ పని ప్రతి వారం చేయాలి. అందుకే రెండో షోను తేలిగ్గా తీసిపారేయకండి. గాయకుడిగా ఆయన చేసిన కష్టమైన పని అదే.

పాతతెర:
గొంతు గొప్పదే, ఎవరు కాదన్నారు? నేనడిగేది కెరీర్ గురించి. సిట్‌కామ్ అయితే లోకల్ స్టేషన్లలో ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ వేస్తారు. వెరైటీ షోను అలా వేయాలంటే ప్రతి పాటకూ హక్కులు తేల్చుకోవాలి, అతిథులతో ఒప్పందాలు చూడాలి. అందుకే అవి పెట్టెల్లో మగ్గిపోతాయి. రెండేళ్లు ఉండి ఉంటే ఇంకో 60 ఎపిసోడ్లు మిగిలేవి.

లెక్కలపుస్తకం:
పాతతెర గారూ, ఆ 60 ఎపిసోడ్ల వల్ల నటుడికి ఏం ఒరిగేది? 1974 ఒప్పందానికి ముందు నటుల సంఘం రూల్స్ ప్రకారం పునఃప్రసారాల సొమ్ము నిర్ణీతసార్ల వరకే. ఆ తర్వాత ఎన్నిసార్లు వేసినా, షోలో వాటా ఉంటే తప్ప పైసా రాదు.

ఇక 1971 సంగతి. సీబీఎస్ ఆ ఏడాది 'గ్రీన్ ఏకర్స్', 'బెవర్లీ హిల్‌బిల్లీస్', 'మేబెర్రీ ఆర్.ఎఫ్.డి.', 'హీ హా' అన్నిటినీ ఒక్క వేటుతో తీసేసింది. ప్రకటనదారులకు నగరాల్లోని యువ ప్రేక్షకులు కావాలి, పల్లె వాసన ఉన్న షోలు వద్దు. దానికి తోడు ఆ సీజన్ నుంచే అమల్లోకి వచ్చిన ప్రభుత్వ నిబంధన రాత్రిపూట నెట్‌వర్క్ సమయంలో కోత పెట్టింది. గోమర్ ఉండి ఉంటే అతనూ ఆ జాబితాలోనే చేరేవాడు. 'జిమ్ నేబర్స్ అవర్' జనం చూడక పోలేదు. 1969-70లో దాని స్థానం 12. అదే సీజన్లో పేరున్న వెరైటీ షో 'కరోల్ బర్నెట్ షో' దాని వెనక, 13లో ఉంది!

మంద్రస్థాయి:
1972 నుంచి ఇండియానాపొలిస్ 500 కార్ల రేసులో 'బ్యాక్ హోమ్ అగైన్ ఇన్ ఇండియానా' పాడింది కూడా చూడండి. మధ్యలో కొన్నేళ్లు తప్ప 2014 వరకూ, 83 ఏళ్ల వయసులోనూ. ఆ పిలుపు వచ్చింది గాయకుడికి. గోమర్ గొంతుతో ఒక్క మాట అక్కర్లేకపోయింది.

గాత్రసాధన:
అక్కడ పాడటం మాటలు కాదు. ట్రాక్ చుట్టుకొలత 4 కిలోమీటర్లు. 340 మీటర్ల దూరంలోని స్పీకర్ శబ్దం సుమారు ఒక సెకను ఆలస్యంగా చెవిన పడుతుంది. దాన్ని వింటూ పాడితే తాళం జారి బ్యాండ్‌కి వెనకబడతారు. చూపు కండక్టర్ చేతి మీద ఉండాలి, తన గొంతును ఒంట్లోనే వినుకోవాలి. అది ఒక్క ఎపిసోడ్ పాటతో అబ్బే నిలకడ కాదు.

పాతతెర:
1971 వేటు సంగతి, పునఃప్రసారాల లెక్క ఒప్పుకుంటాను. ఒక్కటి మాత్రం వదలను: గంట షో ఎందుకు? ప్రకటనలు పోగా వారానికి దాదాపు 50 నిమిషాలు నింపాలి, దాంతో పాటల కన్నా స్కెచ్‌లే పెరిగాయి. 'గోమర్ పైల్'లో గోమర్ పైఅధికారి సార్జెంట్ కార్టర్ వేషం వేసిన ఫ్రాంక్ సట్టన్‌ను కూడా వెంట తెచ్చుకున్నారు, అంటే పాత పాత్ర నీడ అక్కడా పోలేదు. అరగంట షోగా పెట్టి, మూడు పాటలు, ఒక అతిథి, ఒకే స్కెచ్ ఉంచి ఉంటే ఆ గొంతుకు తగ్గ కొలత అయ్యేది. దీనికి జవాబు చెప్పండి.