బండకు తగిలిన స్టెయిన్‌లెస్ స్టీల్ ప్రొపెల్లర్‌ను బాగుచేయవచ్చా?

ప్రశ్న:
నమస్కారం. నా పడవ వెనుక బయట ఉండే ఔట్‌బోర్డ్ ఇంజన్‌కు బిగించిన మూడు రెక్కల స్టెయిన్‌లెస్ స్టీల్ ప్రొపెల్లర్ నీటి అడుగున ఉన్న బండకు తగిలింది. ఒక రెక్క కొన సుమారు 2 సెంటీమీటర్ల మేర వంగిపోయింది, మరో రెక్క అంచున చిన్న నొక్కులు పడ్డాయి, మూడోది బాగానే ఉంది. వేగం పెంచితే పడవంతా అదురుతోంది. ఇంతకుముందు అల్యూమినియం ప్రొపెల్లర్‌ను కొయ్యదిమ్మె మీద పెట్టి సుత్తితో సరిచేసుకున్నాను. దీన్ని కూడా అలాగే చేయవచ్చా?

మొదటి సమాధానం:
ఆ అదురుతో పడవను ఇక నడపకండి. అల్యూమినియం రెక్క తాను వంగిపోయి దెబ్బను చాలావరకు మింగుతుంది, స్టెయిన్‌లెస్ రెక్క మాత్రం దానిని షాఫ్ట్‌కు, గేర్లకు చేరవేస్తుంది. ఇంజన్ స్టార్ట్ కాకుండా చూసుకుని, ప్రొపెల్లర్ తీసి, షాఫ్ట్‌ను చేత్తో తిప్పుతూ దాని కొన నిటారుగా తిరుగుతోందో లేదో చూడండి. గేరు ఆయిల్ పాలలా తెల్లబారితే సీల్ గుండా నీరు చేరిందని అర్థం. షాఫ్ట్ వంగి ఉంటే ప్రొపెల్లర్‌ను ఎంత చక్కగా బాగుచేసినా అదురు పోదు.

రెండవ సమాధానం:
సుత్తి ఆలోచనను దయచేసి మానుకోండి. ఈ ప్రొపెల్లర్లలో చాలావాటిని 17-4 పీహెచ్, 15-5 పీహెచ్ (వేడి చికిత్సతో గట్టిపడే స్టెయిన్‌లెస్ రకాలు) వంటి ఉక్కులతో పోత పోస్తారు. మొదటిదానిలో సుమారు 17 శాతం క్రోమియం, 4 శాతం నికెల్ ఉంటాయి. పోత తరువాత నియంత్రిత ఉష్ణోగ్రతలో చేసే వేడి చికిత్స వల్లనే దానికి ఆ బలం వస్తుంది. చల్లగా ఉన్నప్పుడు కొడితే రెక్క స్ప్రింగులా వెనక్కి వస్తుంది, ఇంకా గట్టిగా కొడితే వంపు దగ్గర పగులు పుట్టవచ్చు, గ్యాస్ మంటతో అంచనాగా కాలిస్తే ఆ బలమే దెబ్బతింటుంది. అంచు విరిగిపోయినచోట సరిపోయే ఫిల్లర్ తీగతో, ఆర్గాన్ రక్షణలో, కొద్దికొద్దిగా చల్లారనిస్తూ టిగ్ వెల్డింగ్ (టంగ్‌స్టన్ కడ్డీ నుంచి వచ్చే విద్యుత్ ఆర్క్‌తో అతికే పద్ధతి) చేయాలి. ఆ వేడికి రెక్క మెలితిరుగుతుంది కనుక తరువాత పిచ్ దిమ్మె (పిచ్ అంటే ప్రొపెల్లర్ ఒక చుట్టుకు ముందుకు సాగాల్సిన లెక్క దూరం; దానికి తగ్గ రెక్క ఒంపు ఉన్న అచ్చు ఇది) మీద కూర్చోబెట్టి మూడు రెక్కలనూ సరిపోల్చి, చివరగా బ్యాలెన్స్ చూడాలి. ఆ దిమ్మెలు లేనివారికి ఈ పని అప్పగించకండి.

నొక్కులను మాత్రం మీరే ఆకురాయితో నునుపు చేసుకోవచ్చు. మామూలు ఇనుము మీద వాడిన బ్రష్షును, గ్రైండింగ్ రాయిని దీనికి వాడవద్దు. అంటుకున్న ఇనుప రేణువులు తుప్పు మరకలు తెస్తాయి.

మూడవ సమాధానం:
పై మాటలకు ఒక చేర్పు: రెక్క వెనుక అంచున సన్నగా ఒంపు తిరిగి ఉండే కప్‌ను ఆకురాయి పెట్టి తీసేయకండి. అది పోతే ఇంజన్ వేగం పెరుగుతుంది కానీ నీటి మీద పట్టు తగ్గుతుంది. బాగుచేయించాక పూర్తి థ్రాటిల్‌లో ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) తయారీదారు చెప్పిన పరిధిలో ఉందో లేదో చూడండి; పిచ్ 1 అంగుళం మారితే ఆర్‌పీఎం సుమారు 150 నుంచి 200 వరకు మారుతుంది. అన్నింటికన్నా ముందు రెక్కల మొదళ్లలో డై పెనెట్రెంట్ పరీక్ష (పగుళ్లలోకి ఇంకే రంగు ద్రవంతో కంటికి కనిపించని పగుళ్లను చూపే పరీక్ష) చేయించండి.

ప్రశ్న అడిగినవారు:
షాఫ్ట్ నిటారుగానే ఉంది. పరీక్షలో మాత్రం వంగిన రెక్క హబ్‌ను (ప్రొపెల్లర్ మధ్య భాగాన్ని) కలిసే చోట వెంట్రుకంత ఎర్రని గీత కనిపించింది. దానిని వెల్డింగ్‌తో పూడ్చవచ్చా?

రెండవ సమాధానం ఇచ్చినవారు:
వద్దండి. నీటి తోపు వల్ల కలిగే ఒత్తిడి ఎక్కువగా పడేది రెక్క మొదట్లోనే. పైకి పూడినట్టు కనిపించినా లోపల మిగిలిన పగులు నడకలో పెరిగి రెక్క ఊడిపోతే, ఆ అసమతుల్యత క్షణాల్లో గేరు కేసును దెబ్బతీయగలదు. దానిని పక్కన పెట్టి, అదే వ్యాసం, అదే పిచ్ గల మరొకటి బిగించుకోండి.