క్లాసు ఒక దారి, వార్డు ఒక దారి: ఆక్యుపేషనల్ థెరపీ విద్యార్థి సందేహం

మూడో ఏడాది బీవోటీ
అందరికీ నమస్కారం. నేను బీవోటీ, అంటే ఆక్యుపేషనల్ థెరపీ (ఓటీ) డిగ్రీ చదువుతున్నాను. జబ్బు వల్ల రోజువారీ పనులు చేసుకోలేని వాళ్లు మళ్లీ చేసుకునేలా సాయపడటం మా పని. ఉదయం న్యూరో వార్డులో పోస్టింగ్, మధ్యాహ్నం క్లాసులు. రోగికి ఏ పని ముఖ్యమో అడిగి తెలుసుకుని అక్కడి నుంచి చికిత్స మొదలుపెట్టాలని క్లాసులో చెబుతారు. వార్డులో ఒక్కొక్కరికి పదిహేను నిమిషాలు దొరికితే గొప్ప. పక్షవాతం వచ్చిన చేతితో ప్లాస్టిక్ కోన్లు పేర్పించడం, లాగ్‌బుక్‌లో సంతకం చేయించుకోవడం, అంతే. నిన్న ఒక పెద్దాయన "బాబూ, ఇవి పేరిస్తే అన్నం తినడం వస్తుందా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. మీరు ఈ రెండింటినీ ఎలా కలిపారు?

విశాఖ థెరపిస్ట్
తమ్ముడూ, పెద్దాయన అడిగినదే అసలు ప్రశ్న. రోగి రోజువారీ పనులు ఎంతవరకు సొంతంగా చేసుకోగలరో మార్కులు వేయడానికి మనం వాడే బార్తెల్ ఇండెక్స్ 1965లో అమెరికాలో అచ్చయింది. వందకు మార్కులు, తినడానికి పది. అందులో కోసుకోవడానికి, వెన్న రాసుకోవడానికి సాయం కావాలా అని ఉంటుంది. మన పెద్దాయన వెన్న ఎప్పుడు రాసుకున్నారు? ఆయనకు కావలసింది పప్పన్నం కలిపి, ముద్ద చేసి, బొటనవేలితో నోట్లోకి తోసుకోవడం. ముంజేయి తిరగాలి, వేళ్లు దగ్గరకు రావాలి. కోన్లు పక్కనపెట్టి తడిపిన అటుకులు ఇచ్చి చూడు. మరుగుదొడ్డి సంగతీ అంతే. గొంతుక్కూర్చుని లేవగలరా అని ఆ ఇండెక్స్ అడగదు, ఇంటికి వెళ్లిన మర్నాడే అవసరం పడుతుంది.

ఇంటర్న్ అమ్మాయి
కుడి చెయ్యి పడిపోతే ఎడమ చేతితో తినడం నేర్పించమని పుస్తకంలో ఉందని ఒకావిడకు చెంచా ఇచ్చాను. ఆవిడ పళ్లెం తోసేశారు. ఎడమ చేతితో తినడమంటే మన ఇళ్లలో ఎలా ఉంటుందో నాకు తెలియదా? తెలిసీ ఇచ్చాను, పరీక్షలో అదే రాశాను కాబట్టి. (మా నాన్న ఇప్పటికీ నేను "ఓటీ"లో పని చేస్తున్నానంటే ఆపరేషన్ థియేటర్ అనే అనుకుంటారు.)

పాఠాలు చెప్పే మేడమ్
తప్పు మా వైపు కూడా ఉంది. ఆరేళ్లు క్లాసులు మాత్రమే చెప్పాను, ఒక్క రోగినీ చూడలేదు. నిరుడు వారానికి ఒక పూట వార్డుకు వెళ్లడం మొదలుపెట్టాను. మొదటి రోజే విద్యార్థుల ముందు నేను చేసిన స్ప్లింట్ (చేతిని సరిగ్గా నిలిపి ఉంచే ప్లాస్టిక్ పట్టీ) రోగి మణికట్టు దగ్గర ఒరుసుకుంది. వార్డు థెరపిస్ట్ దాన్ని వేడి నీళ్లలో వేసి రెండు నిమిషాల్లో సరిచేశారు. పిల్లలు ఆ రోజు నేర్చుకున్నంత నా స్లైడ్ల వల్ల ఎన్నడూ నేర్చుకోలేదు. ఇప్పుడు ఇద్దరం ఒకే రోగిని చూస్తాం, మధ్యాహ్నం క్లాసులో ఆ మనిషి గురించే మాట్లాడుకుంటాం. కొత్త గది, కొత్త నిధులు ఏమీ అడగలేదు. టైంటేబుల్ మార్పించడానికి మాత్రం నాలుగు నెలలు పట్టింది.

బర్మింగ్‌హామ్ నుంచి
ఇక్కడ విద్యార్థి పనితీరును అంచనా వేసేది వార్డులోని థెరపిస్టే. పోస్టింగులో సగం రోజులు గడిచాక యూనివర్సిటీ ట్యూటర్‌తో కలిసి ముగ్గురూ మాట్లాడుకుంటారు. అంతా సవ్యంగా ఉందనుకోకండి, పోస్టింగు దొరకడమే ఇక్కడ పెద్ద తలనొప్పి.

విశాఖ థెరపిస్ట్
ప్రపంచ ఓటీ సమాఖ్య కనీసం 1,000 గంటల క్షేత్ర శిక్షణ ఉండాలంటుంది. రకరకాల రోగులను, పరిస్థితులను చూడాలని కూడా అంటుంది. మన లాగ్‌బుక్కులు గంటలను మాత్రం గట్టిగా పట్టుకున్నాయి. మేడమ్ చెప్పిన పద్ధతి బాగుంది కానీ, నేను రోజుకు ఇరవై మందిని చూస్తాను. విద్యార్థికి నేర్పే సమయాన్ని నా పనిలో ఎవరూ లెక్కించరు. ఆ మాట కూడా కాలేజీలు వినాలి.

మూడో ఏడాది బీవోటీ
అటుకులు తీసుకువెళ్లాను అన్నా. మూడు ముద్దలు జారిపోయాయి, నాలుగోది నోటిదాకా వెళ్లింది. "చారు లేకుండా ఎలా తింటారయ్యా" అని పెద్దాయన విసుక్కున్నారు. ఇరవై అయిదు నిమిషాలు పట్టింది, పక్క మంచం ఆయనను చూడలేకపోయాను. లాగ్‌బుక్‌లో దీన్ని ఏ గడిలో రాయాలని అడిగితే మా సీనియర్ నవ్వి, "కోన్లు అని రాసెయ్" అన్నారు.