పెళ్లినాటి ఫ్రిజ్ చల్లబడటం లేదు: బాగు చేయించాలా, కొత్తది కొనాలా?

కాకినాడ కోడలు

అందరికీ నమస్కారమండి. మాది 190 లీటర్ల సింగిల్ డోర్ ఫ్రిజ్. 2012లో పెళ్లికి మా నాన్నగారు కొనిచ్చారు. ఇన్నేళ్లలో ఒకసారి థర్మోస్టాట్, రెండుసార్లు తలుపు రబ్బరు మార్చాం, అంతే. పోయిన ఆదివారం నుంచి మోటారు ఆగకుండా తిరుగుతూనే ఉంది, చల్లదనం మాత్రం సున్నా. సోమవారం పొద్దున తలుపు తీస్తే దోసెల పిండి పొంగి, గిన్నె దాటి, కింద వంకాయల మీదకి కారి ఉంది.

ఇద్దరు మెకానిక్‌లు వచ్చి చూశారు. మొదటతను వెనక చెయ్యి పెట్టి చూసి, "గ్యాస్ అయిపోయిందమ్మా, 2,200 ఇస్తే నింపేస్తా" అన్నాడు. రెండో అతను అసలు వంగి కూడా చూడలేదు. "కంప్రెసర్ పోయింది, 6,500 అవుద్ది, దీనికి పెట్టడం దండగ, మా షాపులో ఎక్స్ఛేంజ్ ఉంది" అన్నాడు. కొత్తది 18,000 చెబుతున్నారు. మా ఆయన కొత్తదానికి ఎప్పుడో రెడీ. అత్తయ్యగారేమో "ఇప్పుడొచ్చేవన్నీ రేకు డబ్బాలు, ఎనిమిదేళ్లు కూడా రావు" అంటున్నారు.

ఇంకో సంగతి. ఇంట్లో చెప్పలేదు, ఇక్కడ చెబుతున్నా. శనివారం రాత్రి ఫ్రీజర్‌లో ఐస్ గడ్డకట్టి పాల ప్యాకెట్ ఇరుక్కుపోతే అట్లకాడతో పొడిచాను. బుస్సుమని చిన్న శబ్దం వచ్చింది. ప్యాకెట్ ఊడింది కదా అని పట్టించుకోలేదు. దీనికీ దానికీ ఏమైనా సంబంధం ఉందంటారా?

గుంటూరు మెకానిక్

సంబంధం ఏంటమ్మా, జబ్బే అది! 22 ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లలో నేను చూసిన లీకుల్లో సగం కత్తితోనో అట్లకాడతోనో పొడిచినవే. ఫ్రీజర్ బాక్స్ అంటే రెండు అల్యూమినియం రేకులు అతికించి మధ్యలో గ్యాస్ పోయే దారి వదిలింది. గోరంత మందం కూడా ఉండదు.

ముందు ప్లగ్ పీకేయండి. చిల్లు పడ్డ ఫ్రిజ్ అలాగే తిరుగుతుంటే ఆ చిల్లులోంచి గాలి, తేమ లోపలికి లాక్కుంటుంది. తేమ వెళ్లి సన్నగొట్టంలో గడ్డకడుతుంది, ఆయిల్ పాడవుతుంది. ఇప్పుడు బాగున్న కంప్రెసర్ అప్పుడు నిజంగానే పోతుంది.

గ్యాస్ "అయిపోవడం" అంటూ ఉండదమ్మా. పొయ్యి సిలిండరు కాదు కదా అది ఖర్చవడానికి! మూసిన గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతుంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారింది. ఆ చోటు మూయకుండా 2,200 పెట్టి నింపితే వారానికో నెలకో మళ్లీ అదే కథ.

కంప్రెసర్ పోతే చాలావరకు మోటారు తిరగదు, లేదా కొన్ని నిమిషాలకోసారి టక్కుమని ఆగిపోతుంది. అప్పుడు కూడా ముందు మోటారును స్టార్ట్ చేసే రిలే, వేడెక్కితే ఆపేసే ఓవర్‌లోడ్ చూడాలి, అవి కొద్ది వందల్లో అయిపోతాయి. మీది తిరుగుతోంది. గ్యాస్ ఒత్తిడి కొలిచే గేజి పెట్టకుండా కంప్రెసర్ పోయిందని ఎవరూ చెప్పలేరు.

చేయాల్సింది: ఫ్రీజర్ బాక్స్ మార్చాలి. మందు పూసి చిల్లు మూస్తానంటే వద్దనండి, నిలవదు. తేమ పీల్చే ఫిల్టర్ కొత్తది వేయాలి. నైట్రోజన్ ఎక్కించి సబ్బు నురగతో లీకు చూసి, వ్యాక్యూమ్ పంపుతో లోపలి తేమంతా లాగి, అప్పుడు తూకం వేసి గ్యాస్ ఎక్కించాలి. మా దగ్గర మొత్తం 4,000 లోపే తీసుకుంటాం. మెకానిక్‌కి ఫోన్ చేసినప్పుడు ఒక్కటే అడగండి: "వ్యాక్యూమ్ పంపు తెస్తావా బాబూ?" అవసరం లేదమ్మా అన్నాడంటే ఫోన్ పెట్టేయండి.

కంప్రెసర్ మీద స్టిక్కర్ కూడా చూడండి. ఆర్600ఏ అని ఉంటే అది మండే గ్యాస్. ఉండేది 50 గ్రాముల చుట్టూనే అయినా, కిటికీలు తెరిచి, పొయ్యి ఆపి పని చేయించండి.

నిజాంపేట

అక్కా, మేం సరిగ్గా అట్లే మోసపోయినం. ఒక్క ఎండాకాలంలో మూడుసార్లు గ్యాస్ నింపించి 6,000 పోగొట్టుకుని, చివరికి కొత్తదే కొన్నాం. ఇంకోటి, ఫ్రిజ్‌ను కొంచెం వంచి అడుగున చూడండి. మీది సముద్రం ఊరు. అడుగు రేకు తుప్పుపట్టి వేలితో నొక్కితే పొడి రాలుతుంటే మాత్రం రూపాయి కూడా పెట్టొద్దు.

లెక్కల మాస్టారు, విజయనగరం

షాపువాళ్లు "కొత్తదానికి కరెంటు మిగులుతుంది" అంటారు కాబట్టి ఆ లెక్క చూద్దాం. మా పాత సింగిల్ డోర్‌కి ప్లగ్ మీటర్ పెడితే రోజుకు 0.8 యూనిట్ వచ్చింది, అంటే ఏడాదికి 292. కొత్తదాని స్టార్ లేబుల్ మీద ఏడాదికి 160 అని ఉంది. యూనిట్ 6 రూపాయలనుకుంటే మిగిలేది ఏడాదికి దాదాపు 800. నెలకు 70 కూడా కాదు.

ఇప్పుడు అసలు విషయం. కొత్తది 12 ఏళ్లు వస్తే ధర ఏడాదికి 1,500 పడుతుంది. కరెంటులో మిగిలే 800 తీసేస్తే 700. ఆ లెక్కన మీ 4,000 రిపేరు గిట్టాలంటే పాతది ఇంకో ఆరేళ్లు నడవాలి. మీ అత్తగారన్నట్టు కొత్తది ఎనిమిదేళ్లే వస్తే ఏడాదికి 2,250 పడుతుంది, అప్పుడు రిపేరు ఖర్చు మూడేళ్లు తిరక్కుండానే వచ్చేస్తుంది. ఇంట్లో అందరూ పాతదాని వయసు గురించే కొట్లాడుకుంటారు. లెక్క తేలేది కొత్తదాని ఆయుష్షు మీద. నేనైతే ఆవిడ వైపే.

కాకినాడ కోడలు

అందరికీ థాంక్సండి. ప్లగ్ ఆరోజే పీకేశాను. అడుగున తుప్పు ఉంది గానీ పైపైనే, గరుకు కాగితంతో రుద్దితే పోయింది. నలుగురికి ఫోన్ చేస్తే ముగ్గురు పంపు అక్కర్లేదన్నారు! నాలుగో అతను "అది లేకుండా ఎలాగండి" అన్నాడు, అతన్నే పిలిచాం.

నిన్న మధ్యాహ్నమంతా పట్టింది. నురగ పూయగానే ఫ్రీజర్ ఎడమవైపు మూల దగ్గర బుడగ మీద బుడగ పొంగింది. కంప్రెసర్‌కి ఏమీ కాలేదు. బాక్స్, ఫిల్టర్, గ్యాస్, కూలీ కలిపి 3,800. ఈరోజు పొద్దున ఐస్ ట్రే గడ్డకట్టింది. మా ఆయనకి కొత్త ఫ్రిజ్ తప్పిపోయిందని కొంచెం దిగులు.

పాత బాక్స్‌ని అతను హాల్లో నేల మీద పెట్టి వెళ్లాడు. అత్తయ్యగారు కళ్లజోడు పెట్టుకుని చిల్లు మీద వేలు పెట్టి చూశారు. ఏమీ అనలేదు. రాత్రి అట్లు పోస్తూ మాత్రం, "ఈ అట్లకాడ కొన ఎప్పుడు వంగిందే?" అన్నారు.