అప్‌డేట్: మా స్కైడైవర్ మిత్రుడికి ప్లేట్‌లెట్ దాతలు

రక్త క్యాన్సర్‌తో చెన్నైలో చికిత్స పొందుతున్న మా నెల్లూరు స్కైడైవర్ మిత్రుడికి దాతలను ఎలా సమకూర్చాలని గత నెలలో అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్ కణాలు సాధారణంగా 5 రోజులకు మించి నిల్వ ఉండవు కనుక అందరూ ఒకేసారి వెళ్లవద్దన్న సూచనే మాకు ఎక్కువగా ఉపయోగపడింది. ఆయనతో కలిసి విమానం నుంచి పారాచూట్‌తో దూకినవారు, గూడూరు, కావలిలోని బంధుమిత్రులు వంతులు వేసుకుని, ముందురోజు రాత్రే ఫోన్‌లో ఖరారు చేసుకుని రైలెక్కుతున్నారు. దూకే ముందు ఒకరి పారాచూట్ పట్టీలను మరొకరు తడిమి చూసే శ్రద్ధే ఇందులోనూ కనిపిస్తోంది. ప్లేట్‌లెట్లతో పాటు, కొత్త రక్తకణాలను తయారుచేసే మూలకణాల దాత కోసమూ చూస్తున్నాం. తోబుట్టువు మూలకణాలు పూర్తిగా సరిపోయే అవకాశం 25 శాతమే. ఆయన చెల్లెలి పరీక్ష ఫలితం ఇంకా రావలసి ఉంది. ఈలోగా మాలో అర్హులైనవారు బుగ్గ లోపలి నమూనా ఇచ్చి మూలకణ దాతల రిజిస్ట్రీలో (పేర్ల జాబితాలో) చేరారు. అది ఆయనకు కాకపోయినా మరొకరికి అక్కరకు రావచ్చు. వచ్చే వారం వంతుల్లో ఖాళీలున్నాయి, రాగలిగినవారు దయచేసి తెలియజేయండి.