‘రాడార్ పసిగట్టింది’ అనొచ్చా?

ప్రశ్న: “శత్రు విమానాన్ని రాడార్ పసిగట్టింది” అని వార్తల్లో తరచు చూస్తుంటాం. పసి అంటే వాసన కదా. రాడార్ చేసే పనికి ఈ మాట అతుకుతుందా?

జవాబు: వినడానికి బాగుంటుంది కానీ, పని తలకిందులైందండీ. వాసన జంతువు నుంచి వస్తుంది, వేటకుక్క ముక్కెత్తితే చాలు. రాడార్‌కి అలా కుదరదు. ముందు తనే రేడియో తరంగాన్ని పల్స్‌గా వదలాలి, అది దేనికో తగిలి తిరిగి రావాలి. వెళ్లి రావడానికి పట్టిన కాలంలో సగాన్ని కాంతి వేగంతో గుణిస్తే దూరం తెలుస్తుంది. ఒక మిల్లీసెకండు పట్టిందంటే వస్తువు సుమారు 150 కిలోమీటర్ల దూరంలో ఉన్నట్టు. ఆంటెన్నా ఎటు తిరిగి ఉందో అదే దిక్కు. వచ్చిన తరంగం ఫ్రీక్వెన్సీ ఎంత మారిందో చూస్తే, అది మన వైపు ఎంత వేగంతో వస్తోందో తెలుస్తుంది (దీన్నే డాప్లర్ ప్రభావం అంటారు).

నిజంగా పసిగట్టేది విమానంలో ఉండే వార్నింగ్ రిసీవర్. అది ఏమీ పంపదు, రాడార్ తరంగం వచ్చి తగులుతోందా అని వింటుంది, అంతే. పైగా లెక్క దానికే అనుకూలం. దూరం రెట్టింపైతే దాన్ని చేరే తరంగం నాలుగో వంతుకు తగ్గుతుంది. రాడార్‌కి తిరిగొచ్చే తరంగమైతే రానూ పోనూ బలహీనపడి పదహారో వంతే మిగులుతుంది. అందుకే చాలాసార్లు రాడార్ విమానాన్ని చూసేలోపే విమానం రాడార్‌ని పసిగడుతుంది!

ఇంకొకరు: సొంతంగా ఏమీ పంపని పాసివ్ రాడార్లూ ఉన్నాయి కదండీ. 1935లో ఇంగ్లండులో వాట్సన్-వాట్, విల్కిన్స్ అనే శాస్త్రవేత్తలు విమానాన్ని గుర్తించడానికి చేసిన ప్రయోగంలో వాడింది బీబీసీ ప్రసార తరంగాలనే. వాటికైనా పసిగట్టడం అనొచ్చేమో.

జవాబు: అక్కడా విమానం నుంచి వచ్చింది అరువు తరంగమే. అయినా, సరే, ఆ ఒక్క చోటికి ఒప్పుకుంటాను.

ఇంకొకరు: నా మటుకు ‘కనిపెట్టింది’ సరైన మాట. ఒక్కసారి కనబడగానే రాడార్ పని అయిపోదు. తెరమీది ఒక చుక్క విమానమే కానక్కర్లేదు, పక్షుల గుంపు, వాన, కొండ ఏదైనా కావచ్చు. ఆంటెన్నా మళ్లీ మళ్లీ తిరిగొచ్చినప్పుడు చుక్కలు ఒక వరసలో పడితేనే దాన్ని ‘ట్రాక్’ అంటారు. వచ్చే చుట్టులో అది ఎక్కడ ఉండాలో రాడార్ ముందే అంచనా వేసి, ఆ చోటు చుట్టూ ఒక హద్దు గీసుకుంటుంది. చుక్క ఆ హద్దులో పడితే అంచనాను సవరించుకుంటుంది. పడకపోతే కొన్ని చుట్లు అంచనా మీదే నడిపించి, అప్పటికీ రాకపోతే వదిలేస్తుంది. విమానం హఠాత్తుగా మలుపు తిరిగితే హద్దు దాటిపోతుంది, పోనీ హద్దు పెంచుదామంటే పక్క విమానం చుక్క వచ్చి చేరుతుంది. ఈ పనిలో అసలు తంటా అదే.

ఇప్పుడు చూడండి: కనిపెట్టడం అంటే ఆచూకీ పట్టడం, కనిపెట్టుకుని ఉండటం అంటే చూపు తిప్పకుండా కాపు కాయడం. రాడార్ చేసే రెండు పనులూ ఒక్క క్రియలోనే ఉన్నాయి.

ప్రశ్న అడిగినవారు: మాట నచ్చింది. కానీ “రాడార్ విమానాన్ని కనిపెట్టింది” అని శీర్షిక పెడితే, మరి రైట్ సోదరులు ఏం చేశారని అడుగుతారండీ!